అన్నయ్య బోరు అంటున్నారు, నేను కుంట అంటున్నాను

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు. వయసు నలభై మూడు, ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం. మూడేళ్ల కిందట తండ్రి పోయారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు నాలుగు ఎకరాల ఎర్రనేల మెట్ట ఆమెకూ, అన్నయ్యకూ మిగిలింది. పంపకాలు ఇంకా జరగలేదు. అన్నయ్య ఊళ్లోనే ఉండి రాగి, టమాటా వేస్తారు. తండ్రి వేయించిన ఆరు వందల అడుగుల బోరు పద్నాలుగేళ్లు నీళ్లిచ్చి ఎండిపోయింది. ఆ తర్వాత అన్నయ్య వేయించిన రెండు బోర్లలో ఒకటి నాలుగు నెలలు పోసింది, రెండోది పన్నెండు వందల అడుగుల దాకా వెళ్లినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు సగం అలాగే ఉంది. ఇప్పుడు కొబ్బరికాయతో నీళ్లు చూసే పెద్దాయన తూర్పు మూల చూపించారట. పదిహేను వందల అడుగులకు నాలుగు లక్షలు కావాలని, చెల్లెలిని ఇమ్మని అన్నయ్య అడిగారు. ఆమె భర్త మాత్రం లేఅవుట్లు అటువైపే వస్తున్నాయి, మన వాటా అమ్మేద్దాం అంటున్నారు. ఆమెకు చేలో నీటికుంట తవ్విద్దామని ఉంది. అర ఎకరం పోతుందని అన్నయ్య ఒప్పుకోలేదు. "నెలకోసారి వచ్చి గట్టు మీద నిలబడి పోయేదానివి, నీకేం తెలుసు" అని ఫోను పెట్టేశారట. అప్పటి నుంచి మాటలు లేవు. వదిన మాత్రం చాటుగా ఫోను చేసి ఏడుస్తున్నారు. నిరుడు అక్టోబరు వానకు గట్టు రెండు చోట్ల తెగి, చేలో మోకాలి లోతు గండి పడిందని, ఎర్ర బురద కింది రైతు మల్బరీ తోటలో పేరుకుందని, ఆయన ఇంటి మీదికి వచ్చి అడిగి వెళ్లారని కూడా రాశారు. డబ్బు ఇవ్వాలా, కుంట కోసం పట్టుబట్టాలా, అమ్ముకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బోరు గురించి రెండు పేజీలు రాశారు. గండి గురించి ఒక్క వాక్యం రాశారు. నా చూపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. మీకూ, మీ అన్నయ్యకూ జగడం నీళ్ల గురించి అనుకుంటున్నారు. కానీ ఆ వానలో మీ చేలోంచి నీళ్లతో పాటు మట్టి కూడా వెళ్లిపోయింది. ఆ సంగతి మీరిద్దరూ ఒకరితో ఒకరు అనుకున్నట్టు లేదు.

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి కొట్టుకుపోతే అది దాదాపు ఆరు టన్నులు. రూపాయి బిళ్ల మందం కూడా లేని ఆ పొరను కంటితో పోల్చుకోలేము. కానీ ఎరువు సారం, వేరుకు పట్టు, తేమను పట్టి ఉంచే మెత్తదనం అన్నీ ఆ పై పొరలోనే ఉంటాయి. మల్బరీ తోటలో పేరుకున్న బురద మీ నాన్నగారు ఏళ్ల తరబడి తోలిన పశువుల ఎరువే అనుకోండి. నమ్మకం కుదరకపోతే ఈసారి వానకు ఊళ్లో ఉండండి. తెగిన గట్టు దగ్గర పారే నీటిని ఒక గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున ముతక ఇసుక, దాని మీద ఎర్రటి మెత్తని పొర, పైన టీ రంగు నీళ్లు కనబడతాయి. ఆ మెత్తని పొరను వేలితో తీసి రుద్ది చూడండి, వెన్నలా ఉంటుంది. మీ చేను పోగొట్టుకుంటున్నది దాన్ని. ఆ సీసాను మీ అన్నయ్య చూసేలా అరుగు మీద పెట్టండి. మీరు ఏమీ అనక్కర్లేదు.

ఇక నీళ్ల లెక్క. కోలారు వైపు ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. నాలుగు ఎకరాల మీద ఆ వాన అంతా కలిపితే కోటీ ఇరవై లక్షల లీటర్లు. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండి అపార్టుమెంట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరిన రోజులు మీరు చూసే ఉంటారు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి వచ్చి పోస్తే ఎంతో, మీ చేను మీద ఏటా అంత పడుతోంది. అదంతా మనకు దక్కదు. కొంత ఆవిరవుతుంది, కొంత పైరు తాగుతుంది, కొంత పారిపోవాలి కూడా, కింద చెరువులున్నాయి కదా. కానీ ఇప్పుడు మీ గట్టు తెంచుకుని పోతున్న దానిలో సగం ఆగినా మీ ఇద్దరి మాటల్లో పదును తగ్గుతుంది.

మీ అన్నయ్య కోరిక వెనక ఉన్న బాధను తక్కువ చేయకండి. టమాటా వేసిన రైతుకు నీళ్లు రెండు వారాలు తప్పినా పంట చేజారుతుంది. పక్క ఊరి చెరువుకు బెంగళూరు నుంచి శుద్ధి చేసిన నీళ్లు వస్తున్నాయని, దాంతో అక్కడి బోర్లలో నీళ్లు పైకి వచ్చాయని ఆయన అన్నట్టు రాశారు. అది గాలి మాట కాదు. కోరమంగల, చల్లఘట్ట లోయల నుంచి 2018లో మొదలైన ఆ పథకం వల్ల కోలారు జిల్లాలో కొన్ని చెరువుల చుట్టూ భూగర్భ జలం పెరిగింది. అయితే ఆ ఊట చెరువు దగ్గర పై పొరల్లో చేరుతుంది. పదిహేను వందల అడుగుల కింద అలా ఉండదు. మన వైపు నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన ఉన్న శిథిల పొర, అంటే ఏళ్ల తరబడి చివికి మెత్తబడిన రాయి, స్పంజిలా నీటిని పట్టి ఉంచుతుంది. దాని కింద రాతిలో పగుళ్లు ఉంటేనే నీళ్లు, లేకపోతే ఎంత లోతుకు పోయినా దుమ్మే. లోతు పెరిగినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. మీ రెండో బోరు చెప్పింది ఇదే. ఇంకో సంగతి, కోలారు జిల్లా లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. నీళ్లు పడినా తాగడానికి ముందు పరీక్ష చేయించాలి.

మీరు నాలుగు లక్షలు ఇస్తే ఏమవుతుంది? నీళ్లు పడితే మూడు నాలుగేళ్లు మీ అన్నయ్యకు ఊపిరి ఆడుతుంది. అంత లోతు నుంచి తోడే మోటారు, కేబుల్, మరమ్మతుల ఖర్చు ఆ నాలుగు లక్షలకు బయటే ఉంటుంది. నీళ్లు పడకపోతే అప్పు మీద అప్పు. అప్పుడు మీ మధ్య డబ్బు గాయం కూడా ఉంటుంది. ఇవ్వాలనే అనుకుంటే రెండు షరతులు పెట్టండి. కొబ్బరికాయ చూపించిన మూలలో తవ్వే ముందు భూగర్భ శాస్త్రవేత్త చేత పరికరంతో సర్వే చేయించాలి. ఆ సర్వే కూడా పక్కా హామీ కాదు, కానీ రాతి పొర లోతు తెలుస్తుంది. రెండోది, కర్ణాటకలో 2011 భూగర్భ జల చట్టం ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతాల్లో బోరు వేయడానికి అనుమతి తీసుకోవాలి. అది లేకుండా రాత్రికి రాత్రి రిగ్గు పిలిపించే పని వద్దు. ఈ రెండు మాటలూ పెద్దగా మాట్లాడకుండా కాగితం మీద రాసి పంపండి. గొంతు పెరిగిన చోట కాగితం నిదానంగా మాట్లాడుతుంది.

ఇవ్వకుండా ఉంటే? మీకు ఆ హక్కు ఉంది. కానీ "ఇవ్వను" అని ఊరుకుంటే మీ అన్నయ్య ఇంకో చోట వడ్డీకి తెచ్చి తవ్వుతారు. వదిన ఏడుపు ఆగదు. అందుకని ఇవ్వనని చెప్పే రోజున, దేనికి ఇస్తారో కూడా చెప్పగలగాలి.

నేనైతే ఈ ఏడాది డబ్బు గట్లకు పెడతాను. కుంట కన్నా ముందు గట్లు. ఇది చాలామంది తిరగవేసి చేస్తారు. పై నుంచి మట్టి కొట్టుకొచ్చే చేలో కుంట తవ్వితే రెండు మూడు వానాకాలాల్లో బురదతో పూడిపోతుంది. అప్పుడు మీ అన్నయ్య మాటే నిజమైంది అంటారు.

గట్లు ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల గొట్టం ఉంటుంది కదా, ముప్పై అడుగుల పారదర్శకమైన గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి రెండు కర్రలకు కట్టండి. రెండు కర్రల మీదా కొలత గీతలు ఉండాలి. ఒకరు ఒక కర్రను గట్టిగా పట్టుకుంటే, రెండోవారు తమ కర్రను నేల మీద ఆనించి, వాలులో పైకీ కిందికీ జరుపుతూ నీటి మట్టం రెండింటిలోనూ ఒకే గీతకు వచ్చే చోటు వెతుకుతారు. అక్కడ గూటం పాతి, మళ్లీ ముందుకు సాగుతారు. ఆ గూటాలను కలిపే వంకర గీతే మీ చేను సమమట్టం. పాత గట్లు తిన్నగా, పొలం హద్దును చూసి వేసినవి. నీరు హద్దును చూడదు, వాలును చూస్తుంది. అందుకే అది పల్లంలో చేరి తెంచుకుపోయింది. గట్టు తెగడానికి ఇంకో కారణం అలుగు లేకపోవడం. ప్రతి గట్టుకూ ఒక చోట రాళ్లు పరిచిన అలుగు ఉంటే, పెద్ద వానలో మిగులు నీరు అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది. గట్టు పటిష్ఠంగా నిలవడానికి మీద వట్టివేరు నాటండి. దాని వేళ్లు నిట్టనిలువుగా దిగి మట్టిని పట్టుకుంటాయి. పశువులు పెద్దగా మేయవు, కాబట్టి నిలబడుతుంది. కొన్ని మొలకలకు కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగండి, కోలారుకు దగ్గరలో టమక అనే చోట ఉంది.

గండికి వేరే వైద్యం. పై నుంచి కిందికి రావాలి, కింద నుంచి పైకి కాదు. పై చివర నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు వేయండి, ఒక్కొక్కటి మోకాలి ఎత్తుకు మించకూడదు. రాళ్లను నేలలో కొంత పాతాలి. కట్ట మధ్యలో ఎత్తు తగ్గించి రెండు పక్కలా పెంచాలి, నీరు మధ్య నుంచే దిగేలా. కింది కట్ట తల, పై కట్ట కాలు ఒకే మట్టంలో ఉంటే వాటి మధ్య మట్టి పేరుకుని గండి దానంతట అది పూడుతుంది. రెండో వానాకాలానికి చూడండి, అక్కడ మీ అన్నయ్య రాగి విత్తవచ్చు.

విత్తే పద్ధతిలోనూ మార్పు ఉంటుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న గాంధీ కృషి విజ్ఞాన కేంద్ర ప్రాంగణం నుంచి, మన జి.కె.వి.కె. నుంచి మెట్ట రైతులకు ఏళ్లుగా చెబుతున్న మాట ఒకటి ఉంది. ఎనిమిది సాళ్లు రాగి, రెండు సాళ్లు కంది, ఆ రెండు కంది సాళ్ల మధ్య లోతైన చాలు. విత్తనం వాలుకు అడ్డంగా వేయాలి. ఆ చాలులో వాన నీరు నిలబడి కందికి తేమ దొరుకుతుంది, చిన్న వానకు నీరు ఎక్కడికీ పోదు. ఎర్రనేలకు వాన తరువాత పైన పెచ్చు కట్టే గుణం ఉంది, దాన్ని పగలగొట్టడానికి కలుపు తీసే అంతరకృషి కూడా పనికి వస్తుంది. వీటిలో ఏదీ మీ అన్నయ్యకు కొత్త కాదు. గుర్తు చేసే మనిషి మాత్రం కావాలి. ఆ మనిషి మీరే కావాలని లేదు. ఊళ్లో ఎవరైనా వేస్తుంటే వారి చేను చూడటానికి మీరు ఇద్దరూ కలిసి వెళ్లండి.

కుంట సంగతి ఇప్పుడు. అర ఎకరం పోతుందన్న భయానికి లెక్కతోనే జవాబు ఇవ్వాలి. పైన పన్నెండు మీటర్ల చదరం, అడుగున ఆరు మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు, అంచులు వాలుగా ఉండే కుంటలో రెండున్నర లక్షల లీటర్లు పడతాయి. చుట్టూ కట్ట, దారి కలిపి మూడు గుంటల కన్నా కొంచెం ఎక్కువ నేల పడుతుంది. ఎకరానికి నలభై గుంటలు కదా. మీ నాలుగు ఎకరాల్లో అది ఎంతో మీ అన్నయ్యే చెబుతారు. ఒక ఎకరానికి ఐదు సెంటీమీటర్ల తడి ఇవ్వడానికి రెండు లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక కుంట ఒక ఎకరం రాగికి ఒక తడిని, సెప్టెంబరులో వాన మొహం చాటేసే ఆ రెండు వారాల్లో, పూత దశలో ఇవ్వగలదు. కానీ ఒక్క విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ నీటితో రెండెకరాల టమాటా పండదు. కుంట ఉంది కదా అని టమాటా వేస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. డ్రిప్పుతో పావు ఎకరం కూరగాయలు, మిగతా మెట్ట, అంతవరకే.

కుంటకు ప్లాస్టిక్ పొర వేయించాలా వద్దా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. పొర వేస్తే నీళ్లు నిలబడతాయి, భూమిలోకి ఇంకవు. వేయకపోతే మీ ఎర్రనేలలో చాలా భాగం ఇంకిపోతుంది. అది పోయినట్టు కాదు, పక్కనే ఉన్న పాత బోరుకు ఊట పట్టే అవకాశం ఉంది. పొర లేని కుంటను మీ నాన్నగారి బోరు దగ్గర తవ్వడం నాకు నచ్చుతుంది. అదీ కుదరకపోతే బోరు చుట్టూ పది అడుగుల గొయ్యి తీసి, పెద్ద రాళ్లు, గులకరాళ్లు, పైన ఇసుక వేసి, కేసింగ్ పైపుకు చిన్న రంధ్రాలు చేసి జాలీ చుట్టి, వడకట్టిన నీరే లోపలికి వెళ్లేలా చేయవచ్చు. ఆ రంధ్రాల దాకా బురద నీరు, మందులు కొట్టిన చేల నీరు నేరుగా రాకూడదు. ఒక్కసారి పాడైతే దాన్ని కడగలేము.

పొర వేసినా వేయకపోయినా కుంట చుట్టూ కంచె, లోపలికి వేలాడే ముడులు వేసిన తాడు తప్పనిసరి. పొర మీద కాలు జారిన పిల్లవాడు తనంతట తాను పైకి రాలేడు. ఖర్చులో కంచెను చివర కలుపుదాంలే అనుకోకండి, మొదటి వరుసలో రాయండి. ఆవిరి సంగతికి వస్తే, మన ఎండకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున అంత కుంటలో నెలకు ఇరవై వేల లీటర్లు పోతాయి. నీడ వల వేస్తే కొంత ఆగుతుంది.

చెరువు పూడిక మట్టిని తెచ్చి చేలో వేయడం కూడా ఎర్రనేలకు మేలు, జిగురు పెరిగి తేమ నిలబడుతుంది. అయితే నగరపు శుద్ధి నీళ్లు చేరే చెరువు మట్టి అయితే ముందు పరీక్ష చేయించిన తర్వాతే తోలండి.

ఇప్పుడు కాగితాల పని. మీ నాన్నగారి పేరు పహణిలో ఇంకా ఉంటే పౌతి ఖాతాకు, అంటే పోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడానికి, దరఖాస్తు చేయండి. రాయితీల విషయంలో అధికారులు మొదట అడిగేది పహణిలో ఎవరి పేరు ఉందనే. మీ హోబళి (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) రైతు సంపర్క కేంద్రంలో కృషి హొండకు, అంటే చేలో కుంటకు, గట్లకు ఏ పథకం ఉంది, ఎంత రాయితీ, గ్రామ పంచాయతీ ఉపాధి పనుల కింద గట్లు వేయిస్తారా అని అడగండి. పథకాలు ఏటా మారతాయి, అందుకని నేను అంకె రాయడం లేదు. మీరు డబ్బు పెడితే, ఎంత, దేనికి, అది మీ వాటాలో జమ అవుతుందా లేక అన్నయ్యకు సాయమా అన్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇది అపనమ్మకం కాదు. మీ పిల్లలు, వారి పిల్లలు రేపు కూర్చున్నప్పుడు ఆ పేజీ మాట్లాడుతుంది.

అమ్మకం గురించి. మీ వారు చెప్పిన దానిలో తప్పు లేదు, మీ వాటా మీది. కానీ వాటా అమ్మితే మీకు ఒకసారి డబ్బు వస్తుంది. లేఅవుట్ కోసం చదును చేసిన చోట గట్లు, చాళ్లు, చెట్లు పోతాయి, వాన నీరంతా కింది చేల మీద పడుతుంది. అన్నయ్య మిగిలిన రెండు ఎకరాలు, మల్బరీ రైతు తోట ఆ వరద బాట మీద ఉంటాయి. అమ్మడమే నిర్ణయం అయితే, ముందు పంపకం చట్టప్రకారం చేసుకుని, అన్నయ్యకే కొనే అవకాశం ఇచ్చి, ఆ తర్వాత బయటివారిని చూడండి.   

మల్బరీ రైతు దగ్గరకు మీరే వెళ్లండి. అన్నయ్యను వెంట తీసుకెళ్లలేకపోతే వదినతో వెళ్లండి. "మా చేలోంచి మీ తోటలోకి బురద వచ్చింది, ఈ ఏడాది రాకుండా చేస్తాము" అని చెప్పి, ఆ బురదను ఎత్తి చేలో పోసుకోవడానికి ఒక ట్రాక్టరు కూలి మీరు పెట్టుకోండి. కొంత మట్టి తిరిగి వస్తుంది కూడా. అలుగు నీరు ఏ వైపు దిగాలో ఆయన్ను అడిగి నిర్ణయించండి. ఆయన అనుమతి లేకుండా మీ మిగులు నీరు ఆయన తోటలోకి దించితే, ఈసారి తిట్లతో ఆగదు.

మీ అన్నయ్య ఫోను పెట్టేసిన మాట మీకు గుచ్చుకుంది. నాకు మాత్రం ఆ మాటలో ఒక నిజం కనబడుతోంది. గట్టు తెగిన రాత్రి నిద్ర లేకుండా ఉన్నది ఆయన. మల్బరీ రైతు ఎదురుగా తలవంచి నిలబడ్డదీ ఆయనే. మీరు మాట్లాడేటప్పుడు కుంట అన్న మాటతో మొదలుపెట్టకండి. "అన్నయ్యా, ఆ రాత్రి ఎంత సేపు తడిశావు, గట్టు ముందు ఏ చోట తెగింది" అని అడగండి. ఆయన నోటి నుంచే నీరు ఎటు నుంచి వచ్చిందో, ఎక్కడ చేరిందో బయటికి వస్తుంది. గూటాలు పాతేటప్పుడు ఆ సమాచారం ఏ సర్వే కన్నా విలువైనది. నీళ్ల గొట్టం రెండో కొస మీరు పట్టుకోండి. ఒక శనివారం చాలు, నాలుగు ఎకరాలు తిరగడానికి.

ఈ పనుల్లో కొన్ని మార్చి నుంచి మే లోపు జరగాలి. గట్లు, రాతి కట్టలు, కుంట తవ్వకం అన్నీ నేల పొడిగా ఉన్నప్పుడే. వాన మొదలైన తర్వాత తవ్విన మట్టి మళ్లీ కిందికే పోతుంది.

ఒక పని మాత్రం అన్నయ్యతో మాట కలిసే దాకా ఆగవద్దు. మీ అన్నయ్య వేయించిన ఆ రెండు పాడుబడిన బోర్ల నోళ్లు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా మీరు రాయలేదు. సుప్రీంకోర్టు 2010లోనే వదిలేసిన బోరుబావులను మట్టి, ఇసుక, రాళ్లతో కింది నుంచి నేల మట్టం దాకా పూడ్చాలని ఆదేశించింది. వదిన పిల్లలు ఆ చేలోనే ఆడుకుంటారు. వచ్చే ఆదివారం ఊరికి వెళ్లి, ముందు ఆ రెండూ చూసి రండి.